కారం అంటని చేతులు

పశువులకు ఆదివారం ఎప్పుడొస్తుందో తెలుసని డాక్టర్ ఆరాధనకు గట్టి నమ్మకం. వారమంతా గడ్డి తిని, నెమరేసుకుని, బుద్ధిగా పడుకున్న గేదె సరిగ్గా ఆదివారం పొద్దున్నే కాళ్ళు తన్నుకోవడం మొదలుపెడుతుంది. శనివారం దాకా గంతులేసిన మేక, సోమవారం దాకా ఆగలేక, ఆ మధ్యలోనే ఏ ప్లాస్టిక్ సంచో మింగి కూర్చుంటుంది. ఈ మాటకి భర్త కరుణాకర్ నవ్వుతాడు. సత్తెనపల్లి జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి, ప్రతిదానికీ కారణం కావాలంటాడు. కారణం లేకపోలేదు. వారమంతా జనం తెల్లారకముందే ఆటోలెక్కి మిరప చేలకీ పత్తి చేలకీ పోతారు, చీకటి పడ్డాక దిగుతారు. గొడ్డు మేత ముట్టిందో లేదో చూసే తీరిక ఎవరికుంది? ఆదివారం ఇంటిపట్టున ఉంటారు, అప్పుడు చూస్తారు, చూసి లబోదిబోమంటారు. జబ్బు బుధవారం వచ్చినా డాక్టరమ్మ దాకా వచ్చేది ఆదివారమే. ఇదంతా తెలిసి కూడా ఆరాధన తప్పంతా గేదెల మీదికే నెడుతుంది. మనుషుల మీద కోప్పడితే మళ్ళీ వాళ్ళతోనే కదా పని.

ఆమె పుట్టి పెరిగింది ఇక్కడ కాదు, మార్టూరు పక్కన. అక్కడ రాయి కోసే మిషన్ల రొద, ఇంటి చూరు నుంచి అన్నం కంచం దాకా తెల్లటి రాతిపొడి. తండ్రి మిషన్ స్కూల్లో పంతులు. కూతురు డాక్టరవుతుందని ఊరంతా చెప్పుకున్నాడు. తీరా సీటు పశువైద్యంలో వచ్చింది. కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని, చివరికి, "పోనీలే, రోగి ఎదురు మాట్లాడదు, అదే నయం" అని సర్దుకున్నాడు. రోగి మాట్లాడదు గానీ రోగి వెంట వచ్చే పదిమందీ మాట్లాడతారని పాపం ఆయనకేం తెలుసు.

గన్నవరంలో చదువు, ఆ తర్వాత సత్తెనపల్లి అవతల ఒక పల్లెలో పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. బోర్డు మీద ఆదివారం సెలవని రాసుంటుంది. ఆ బోర్డు చదివిన గేదె ఇంతవరకూ ఆమెకి తగల్లేదు. రాత్రనక, ఆదివారమనక ఫోను మోగుతుంది. స్కూటీ వెనక స్టీలు పెట్టె కట్టుకుని బయలుదేరుతుంది. కోత తప్పదనుకుంటే పశువు దొడ్లోనే పట్టా పరిచి, పగలైతే ఎండ వెలుగులో, రాత్రయితే ట్రాక్టరు లైట్లు వేయించి, కానిచ్చేస్తుంది. ఆసుపత్రి దాకా నడవగలిగే గొడ్డయితే అసలు కోతెందుకు?

వచ్చిన మొదటి ఏడే, మిరప సీజనులో, ఆమెకి బుద్ధొచ్చే సంగతొకటి జరిగింది. ఇనప తీగ మింగిన ఎద్దుకి పొట్ట కోసి, అంచులు పట్టుకోమని రైతు చేతికి గ్లౌజులిచ్చింది. ఆ రైతు వారం నుంచీ కల్లంలో తాలుకాయలు ఏరుతున్నాడు. ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన కాయల్ని తీసెయ్యడమన్నమాట. పొద్దస్తమానం చేతులు కాయల్లోనే ఉంటాయి. ఆ చేతుల్తోనే గ్లౌజుల్ని పట్టి, లాగి, తిప్పి తొడుక్కున్నాడు. వేళ్ళ కారం గ్లౌజు పైకి అంటింది, అక్కణ్ణించి ఎద్దు పొట్టలోకి పోయింది. మత్తు కోసిన చోటే గానీ లోపల ఎక్కడుంటుంది? ఎద్దు కట్లు తెంపుకుని, కుట్లు పడని పొట్టతో లేచి కల్లమంతా కలయదిరిగింది. దాన్ని మళ్ళీ పడేసి కుట్టేసరికి ఆరాధనకి తల ప్రాణం తోకకొచ్చింది. ఎద్దు బతికింది. అది దాని గట్టిదనమే తప్ప ఆమె గొప్పేం కాదు.

మార్టూరు పిల్లకి రాతిపొడి తెలుసు గానీ కారం సంగతి ఏం తెలుసు? తెలిసిన రోజు నుంచీ ఒక పద్ధతి పెట్టుకుంది. మిరప సీజనులో పశువు లోపల చెయ్యి పెట్టాల్సిన వాళ్ళు ఎవరైనా సరే, ముందు తమ వేళ్ళు తమ నాలుక మీద పెట్టుకోవాలి. మండితే పక్కకి జరుగు. మండకపోతే సబ్బు తీసుకో, మోచేతుల దాకా కడుగు, అప్పుడు రా. ఇంతేసి మీసాలున్న మోతుబరులు కూడా ఆమె ముందు నిలబడి చంటిపిల్లల్లా వేలు చప్పరించాల్సిందే. ఊళ్ళలో ఆమెకి నాలుక డాక్టరమ్మ అని పేరు పడిపోయింది. మొహాన ఎవరూ అనరు. వినపడేంత దూరంలో నిలబడి అంటారు. నిజానికి మామూలు రోజుల్లో ఆ అవసరమే రాదు. ఆసుపత్రి అటెండర్ మాలిక్ పక్కనుంటాడు, అతని చేతులు పని తెలిసిన చేతులు.

ఆ ఫిబ్రవరి ఆదివారం మాలిక్ లేడు. చెల్లెలి నిఖా అని చీరాల వెళ్ళాడు. ఆరాధన ఫోను కూడా లేనట్టే. ఆపేసి హ్యాండ్‌బ్యాగులో అడుగున పడేసింది.

దానికి కారణం నిస్సీ, ఆమె కూతురు. అంతకుముందు వారం సత్తెనపల్లి చర్చిలో ఆ పిల్ల మొదటిసారి ఒంటరిగా నిలబడి పాట పాడింది. పాట సగంలో తల్లి ఫోను మోగింది, తల్లి లేచి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక పిల్ల ఏడవలేదు, అలగలేదు. "నీకు గేదెలే కూతుళ్ళు" అంది, అంతే. ఆ మాట ఆరాధనకి వారమంతా గొంతులో ముల్లులా ఉండిపోయింది. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యేదాకా ఫోను ముట్టనని కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఒట్టు ప్రకారం ఆపేసింది.

చివరి పాటకి అందరూ లేచి నిలబడితే, మెల్లగా చెప్పుల దగ్గరికి జరిగి ఫోను తెరిచింది. అంకమ్మ, అంకమ్మ, అంకమ్మ. కిందికి జరిపేకొద్దీ అదే పేరు.

అంకమ్మది కొత్తపాలెం. బాప్తిస్మంలో మరియమ్మ అని పెట్టారు గానీ ఆ పేరు పిలిచేవాళ్ళు లేరు. మొగుడు పోయాడు, కూతురు దాచేపల్లిలో కాపురం చేసుకుంటోంది. మిగిలింది కూలిపని, చుక్క. చుక్క అంటే నుదుటి మీద తెల్లటి బొట్టున్న గేదె. ఒక రైతు దగ్గర రెండు దూడల్ని పాలికి తెచ్చుకుంది అంకమ్మ. పెంచి పెద్ద చేశాక ఒకటి రైతుకి, ఒకటి తనకి. అలా చేతికొచ్చింది చుక్క. ఆమె బతుకులో నాది అని చెప్పుకున్న మొదటి గొడ్డు అదే. చేలో నుంచి వచ్చేటప్పుడు ఒళ్ళో ఇంత పచ్చిగడ్డి లేకుండా వచ్చేది కాదు. చుక్క ఈనితే మిరప కూలి మానేసి, పాలు పోసుకుని బతుకుతానని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. ఇప్పుడు చుక్కకి నెలలు నిండాయి, మొదటి ఈత.

ఆరాధన కొత్తపాలెం చేరేసరికి చుక్క పాక ముందు పడుకుని, లేచి, మళ్ళీ పడుకుంటోంది. పొట్టని కాళ్ళతో తన్నుకుంటోంది. పక్కింటి జక్రయ్య పలుపు పట్టుకుని నిలబడ్డాడు. అంకమ్మకి వరసకి బావ, నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు గానీ ఆ సంగతి నోరు ఆగినప్పుడు కదా తెలిసేది.

"పొద్దుట్నించీ చేస్తానే ఉన్నానమ్మా ఫోను" అంది అంకమ్మ. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"తెలుసు అంకమ్మా. కాస్త జరుగు."

ఆరాధన మోచెయ్యి దాటే పొడుగు గ్లౌజు తొడుక్కుని పరీక్ష చెయ్యబోయింది. చెయ్యి తగిలీ తగలకముందే చుక్క ఒక్క ఎగురు ఎగిరింది. ఈనే దారంతా ఎర్రగా కందిపోయి, ఉబ్బి, వేలు పట్టనంత బిగుసుకుపోయి ఉంది. ఎందుకో ఆమెకి అంతుపట్టలేదు. ఈనలేని గేదె ముక్కుతుంది, నిజమే. ఇంతలా పిచ్చెత్తినట్టు ముక్కదు. మళ్ళీ ప్రయత్నిస్తే గ్లౌజు వేళ్ళ దగ్గర చిరిగింది. కాసేపటికి ఆ చిరుగు కింద చర్మం మంటెత్తింది. గ్లౌజు తీసి వాసన చూసింది. ముక్కు పుటాలు అదిరాయి.

"లోపల చెయ్యి పెట్టిందెవరు?"

జక్రయ్య అటూ ఇటూ చూశాడు. అంకమ్మ రెండు చేతుల్నీ కొంగులో చుట్టుకుంది.

"నేనేనమ్మా. ఎంతసేపటికీ నీళ్ళబుడ్డ కనపడలా. దూడ కాలన్నా తగులుద్దేమోనని పెట్టా. సబ్బెట్టి కడుక్కునే పెట్టానమ్మా, బాగా కడుక్కున్నా."

"నిన్న ఏ పనికెళ్ళావు?"

జక్రయ్యే అందుకున్నాడు. "ఏ పనేందమ్మా, నెల నుంచీ తాలుకాయలే గదా! నీకేమన్నా మతుందా అంకమ్మా? కల్లం నుంచి వచ్చి చంటిపిల్లని ఎత్తుకోవాలంటేనే చేతులు నూనెలో ముంచుతాం. ఆ చెయ్యి తీసుకెళ్ళి నోరులేని గొడ్డు కడుపులో పెడతావా? నీకు దూడనిచ్చాడే, ఆ రైతుననాలి ముందు!"

ఆరాధనకి కూడా సరిగ్గా అలాగే అరవాలనిపించింది. కోపం నెత్తికెక్కింది.

"ఫోను ఎత్తకపోతే, ఏం చెయ్యాలో తోచక..." అని అంకమ్మ సగంలో ఆపేసింది. నిష్ఠూరానికి అన్న మాట కాదు అది. ఉన్నది చెప్పింది. ఆరాధన నోట్లోకి వచ్చిన అరుపు నోట్లోనే ఆగిపోయింది. తన ఫోను తెరిచి ఉంటే ఆ చెయ్యి లోపలికి పోయేదే కాదు.

"కొబ్బరినూనె తీసుకురండి, ఎంతుంటే అంత" అంది.

నాలుగిళ్ళలో సీసాలు ఖాళీ అయ్యాయి. నూనె పట్టించి కడిగి, మళ్ళీ పట్టించి కడిగి, తోక మొదట్లో వెన్నులోకి మత్తు సూది ఇచ్చాక చుక్క ముక్కడం తగ్గింది. అప్పుడు చెయ్యి లోపలికి పోయింది, అసలు జబ్బు తెలిసింది. గర్భసంచి మెలిక పడింది. పిండిన తడిబట్టలా దారి మెలితిరిగి ఉంది, దూడ ఆ మెలిక అవతల ఉంది. గేదెని పడుకోబెట్టి, పొట్ట మీద బల్లచెక్క అదిమిపట్టి ఒక్క ఊపున దొర్లిస్తే కొన్నిసార్లు ఆ మెలిక విడుతుంది. దానికి పదిమంది మగాళ్ళు కావాలి. మగాళ్ళంతా చర్చిలో ఉన్నారు. టౌన్లో ప్రార్థన పెందలాడే అయిపోతుంది గానీ పల్లెల్లో ఎండ నడినెత్తికెక్కేదాకా సాగుతుంది.

"అయ్యగారు ఇప్పుడే వాక్యం మొదలెట్టాడు. ఆయన మొదలెడితే ఒక పట్టాన ఆపడమ్మా" అన్నాడు జక్రయ్య.

ఆరాధన నూనె చేతుల్తోనే చర్చికి నడిచింది. మైకు ముందున్న ప్రేమదాసు కొత్తగా వచ్చిన పాస్టరు. బక్కపలచటి కుర్రాడు, తెల్లబట్టల్లో ఇంకా సన్నగా కనపడతాడు. గుమ్మంలో నిలబడి, "వందనాలు అయ్యగారూ. అంకమ్మ గేదె చచ్చిపోయేట్టుంది. నాకు మగాళ్ళు కావాలి, ఇప్పుడే" అంది. ప్రేమదాసు చేతిలో పుస్తకం వంక చూశాడు, ఆమె నూనె చేతుల వంక చూశాడు. తర్వాత మైకులోనే, "పురుషులందరూ లేచి అంకమ్మగారింటికి వెళ్ళండి. స్త్రీలు ప్రార్థనలో ఉండండి" అన్నాడు. మాట స్పీకర్ల మీదుగా ఊరంతా వినపడింది. వెళ్ళమన్న మనిషి తనూ చెప్పులేసుకుని వెనకే బయలుదేరాడు. ఇక లోపల ఉండి చేసేదేముందని ఆడవాళ్ళూ వచ్చేశారు.

ఇస్త్రీ మడతలు నలగని తెల్లచొక్కాలతో పదిమంది మగాళ్ళు చుక్క మీద పడ్డారు. కాళ్ళు కట్టారు, పడేశారు, బల్లచెక్క వేసి ఒకతను ఎక్కి నిలబడ్డాడు, మిగతావాళ్ళు "హైలెస్సా" అని దొర్లించారు. ఆరాధన చెయ్యి పెట్టి చూసింది. విడలేదు. మళ్ళీ దొర్లించారు. మళ్ళీ. చొక్కాలు పేడలో మునిగాయి, మెలిక మాత్రం మెలికలాగే ఉంది. పొద్దుట్నించీ బిగిసిపోయిన మెలిక.

"కొయ్యాలి" అంది ఆరాధన.

అంకమ్మ నేల మీద కూలబడింది. "బతుకుద్దా అమ్మా?"

"బతికించడానికే కోసేది. కానీ నాకు పక్కన ఒక మనిషి కావాలి. గర్భసంచిని బయటికి లాగి, దూడని తీసి, కుట్టేదాకా రెండు చేతుల్తో పట్టుకోవాలి. జారిందంటే లోపలి కుళ్ళునీళ్ళన్నీ కడుపులో పడతాయి, గేదె మనకి దక్కదు." తలెత్తి జనాన్ని చూసింది. "పెట్టండి నాలుకల మీద వేళ్ళు."

ఎప్పుడూ ఎగతాళి చేసేవాళ్ళు కూడా వరసగా నిలబడి వేళ్ళు నోట్లో పెట్టుకున్నారు. ఆదివారం స్నానం చేసి, నూనె రాసుకుని, అత్తరు కొట్టుకుని చర్చికొచ్చిన చేతులే. అయినా నెలల తరబడి గోళ్ళ సందుల్లోకి దిగిన కారం ఒక స్నానానికి పోతుందా? ఒకడు ఉఫ్ అన్నాడు, ఒకడు ఉమ్మేశాడు, ఒకడికి కళ్ళవెంట నీళ్ళు. ఆడవాళ్ళు పెట్టి చూసుకున్నారు, వాళ్ళవి ఇంకా ఘాటు. కోతకొచ్చిన మిరప మధ్య కారం లేని చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది?

ఆరాధన చూపు పాక నీడలో ఆగింది. ప్రేమదాసు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు.

"అయ్యగారూ, మీరు?"

"నేనా?" ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయమ్మా. చిన్నప్పట్నించీ అంతే."

"ముందు వేలు పెట్టండి."

పెట్టుకున్నాడు. అందరూ ఆయన మొహంలోకే చూశారు. ఆ మొహం ఏమీ మారలేదు. జక్రయ్య పెద్దగా ఊపిరి వదిలి, "బైబిలూ మైకూ తప్ప ఆ చేతులు ఇంకోటి ముట్టుకోలా. కారం యాడినుంచి వస్తది?" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది కొత్తపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగు టార్పాలిన్లు తెచ్చి నీడ కట్టారు. ఆరాధన చుక్క ఎడమ డొక్క మీద వెంట్రుక గొరిగి, కడిగి, మందు రాసి, మత్తు సూదులు వరసగా పొడిచి, కత్తి పెట్టింది. ప్రేమదాసు చొక్కా విప్పి, బనీనుతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోచేతుల దాకా గ్లౌజులు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గర్భసంచి అంచులు చేతుల్లో పెట్టగానే గొంతెత్తి ప్రార్థన అందుకున్నాడు. గేదె ఉలిక్కిపడింది.

"అయ్యగారూ, ప్రార్థన మనసులో చేసుకోండి. చేతులు మాత్రం వదలమాకండి."

మనసులోనే చేసుకున్నాడు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెమట గడ్డం మీంచి కారుతుంటే జక్రయ్య కండువాతో తుడుస్తూ వచ్చాడు. చేతులు మాత్రం జారలేదు.

దూడ వచ్చింది. పెయ్యదూడ. నుదుటి మీద దానికీ తెల్లబొట్టు. కదలలేదు. ఆరాధన ముక్కు తుడిచింది, ఛాతీ మీద గట్టిగా రుద్దింది, తలకిందులుగా ఎత్తించి చూసింది. పొద్దున్నే పోయినట్టుంది. గోనెపట్టా మీద పక్కన పెట్టి మళ్ళీ గేదె మీదికి వంగింది. ఏడవడానికి అప్పుడు తీరిక లేదు. అంకమ్మ మాత్రం ఆ పట్టా పక్కన కూర్చుని, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, మోకాళ్ళలో తల దూర్చి ఏడ్చింది. చచ్చిన దూడని కూడా ముట్టుకోలేదు. ఆరాధన కుట్లు వేస్తూనే అది చూసింది.

గర్భసంచి కుట్టింది, కండ కుట్టింది, పైన తోలు కుట్టింది. "అయిపోయింది అయ్యగారూ, కళ్ళు తెరవండి" అంటే ప్రేమదాసు తెరిచాడు, చేతుల వంక చూసుకున్నాడు, అక్కడికక్కడే వెనక్కి పడిపోయాడు. నలుగురు ఎత్తుకెళ్ళి మంచం మీద పడేసి మజ్జిగ తాగించారు. పొద్దు వాలేవేళకి చుక్క కాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడింది. కుడితి తొట్టిలో మూతి పెట్టింది. తెల్లచొక్కాలన్నీ ఒక్కసారి ఈలలేశాయి.

ఆరాధన పెట్టె సర్దుకుంటూ అప్పజెప్పాల్సినవి అప్పజెప్పింది. "కుట్లు తీసేదాకా పొద్దునా సాయంత్రం ఈనిన దారి లోపల నూనె రాయాలి. కారం తగిలిందంటే మళ్ళీ ముక్కుతుంది, ముక్కితే కుట్లు తెగుతాయి."

"అయ్యగారే రోజూ వచ్చి రాస్తాడులే!" అని జక్రయ్య అంటే జనం గొల్లుమన్నారు. అంకమ్మ నవ్వలేదు.

జనం పలచబడ్డాక ఆరాధన ఆమె వెనక్కి కట్టుకున్న చేతుల్ని బలవంతాన ముందుకి లాగి, మిగిలిన నూనె పోసి, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్దింది.

"నా చేతులు పనికిరావమ్మా. నా బిడ్డని నేనే చంపుకున్నా."

"దూడ పోయింది మెలిక వల్ల. నువ్వు చెయ్యి పెట్టినా పెట్టకపోయినా పోయేదే. మెలిక పడితే అంతే." ఇంకో చేతికి నూనె పోస్తూ, "ఫోను నేనే ఆపేశాను అంకమ్మా. పిల్లకి మాటిచ్చాను" అంది.

"మీకు మాత్రం ఇల్లూ పిల్లా ఉండరా అమ్మా" అంది అంకమ్మ. ఆ మాటతో ఆరాధనకి ఏడుపు తన్నుకొచ్చింది. స్కూటీ ఎక్కేదాకా ఆపుకుంది.

మొదట్లో మాలిక్ రోజూ వెళ్ళి చూసొచ్చాడు. పుండు మానుతోందన్నాడు, గేదె ముక్కడం లేదన్నాడు. కుట్లు తీయడానికి ఆరాధనే వెళ్ళింది. చుక్క దున్నపోతులా నిలబడి మేత మేస్తోంది, పొదుగు పాలతో నిండుగా ఉంది. దూడ లేకపోయినా అంకమ్మ చెయ్యి పడితే పాలు సేపుతోందట. ఎవరు రాశారు నూనె అని అడగాలనుకుంది ఆరాధన. అంతలో ఇంకో ఊరి నుంచి ఫోనొచ్చింది, అడక్కుండానే వచ్చేసింది.

ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. చర్చిలో ఫోను నిస్సీ ఒళ్ళో ఉంటుంది, చప్పుడు చెయ్యకుండా వణుకుతుంది. బయటికెళ్ళి ఎత్తి మాట్లాడేది నిస్సీయే. కడుపునొప్పి, కాలు కుంటుడులాంటివైతే మధ్యాహ్నం వస్తుందని చెప్పేస్తుంది. ఈనడం అన్న మాట వినపడితే మాత్రం తల్లి మోచెయ్యి గిల్లుతుంది. మార్చి నెలాఖరులో ఒక ఆదివారం గట్టిగా గిల్లింది. ఈసారి కొత్తపాలెం నుంచి చేసింది జక్రయ్య.

అతని గేదె తెల్లవారుజామున ఈనింది. దూడ బాగానే ఉంది, ఆ వెనకే గర్భసంచి మొత్తం తిరగబడి బయటికొచ్చేసింది. ఎర్రగా, బరువుగా, మోకాళ్ళ దాకా వేలాడుతోంది. దాన్ని కడిగి, కిందనుంచి ఒకరు ఎత్తిపట్టుకుంటే, ఇంకొకరు మెల్లమెల్లగా లోపలికి నెట్టాలి. పచ్చి పుండులాంటిది, కారం సోకిందంటే గేదె తట్టుకోలేదు. మాలిక్ జ్వరంతో పడుకున్నాడు. ప్రేమదాసు కూటాలకని నరసరావుపేట వెళ్ళాడు. అంత నోరున్న జక్రయ్యకి ఆ రోజు నోట తడి లేదు.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా. నా పిల్లలు దీని పాల మీదే..."

"కాళ్ళు తర్వాత. ముందు వేలు."

జక్రయ్య పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, నాలుక బయటపెట్టి గాలి పీల్చాడు. అతని పెళ్ళాం పెట్టుకుంది. కొడుకులు పెట్టుకున్నారు. ఇరుగుపొరుగు అందరూ పెట్టుకున్నారు. సీజను ముమ్మరంగా ఉంది, కల్లాలన్నీ ఎర్రగా మండుతున్నాయి. ఒక్క చెయ్యి పనికి రాలేదు. గేదె వెనకకాళ్ళు వణుకుతున్నాయి. ఎంతోసేపు నిలబడలేదని ఆరాధనకి తెలుస్తూనే ఉంది.

"నన్ను చూడండమ్మా."

గుంపు వెనకనుంచి అంకమ్మ ముందుకొచ్చింది. జక్రయ్య "నువ్వా!" అన్నాడు, ఇంకేదో అనబోయి మింగేశాడు. అంకమ్మ అతని వంక చూడలేదు. కుడిచేతి వేళ్ళు ఒకటొకటిగా నాలుక మీద పెట్టుకుంది. తర్వాత ఎడమచేతి వేళ్ళు. రెప్ప కూడా కదలలేదు. రెండు అరచేతులూ డాక్టరమ్మ ముందు చాపింది. బొబ్బలు చితికి, పగిలి, గీతలు పడి ఉన్నాయి. ఆరాధన ఆ చేతుల్ని పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన, పాల వాసన. కారం జాడ లేదు.

"కల్లానికి పోవడం లేదా?"

"ఆ ఆదివారం నుంచీ పోలేదమ్మా. చుక్కకి నూనె రాయాల గదా. ఆమీదట పాలు పితకాల. పత్తికట్టె పీకటానికి పోతన్నా."

మిరప పని నిండుగా దొరికే రోజుల్లో, దాన్ని వదిలి, చేతులు చీరుకుపోయే పత్తికట్టెకి పోతోందని ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు జక్రయ్య. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఆరాధన పెట్టెలోంచి సబ్బు తీసి ఆమె చేతిలో పెట్టింది. "మోచేతుల దాకా" అంది.

"తెలుసమ్మా" అని అంకమ్మ బక్కెట్టు పక్కన గొంతుక్కూర్చుంది. జక్రయ్య చెంబు ముంచి, వంగి, ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు.